‘ఒంటి చేత్తో’ అనే మాట గురించి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ బెంగళూరు ఎడిషన్‌లో ఒక తెలుగు కుర్రాడి గురించి రాశారు. ఓపెన్ సోర్స్, అంటే కోడు అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్ ఒకదాన్ని ఒంటి చేత్తో నడుపుతున్నాడని, పగలు ఉద్యోగం, రాత్రి రెండింటి దాకా ఈ పని అని, నాలుగేళ్లుగా సంక్రాంతికి కూడా ఊరు వెళ్లలేదని. ఆ అబ్బాయి మీద నాకు చాలా గౌరవం కలిగింది. కానీ ‘ఒంటి చేత్తో’ అన్న మాటను శీర్షికలో పెట్టి మెచ్చుకున్నారు చూడండి, అక్కడే మనసు ఆగిపోయింది. ఆరేళ్లు నేనూ అలాగే చేశాను. అది గొప్ప కాదని నాకు తెలిసొచ్చేసరికి మంచివాళ్లు కొందరు నా వల్ల నష్టపోయారు.

మాది కదిరి. బెంగళూరు వచ్చి పదిహేనేళ్లయింది, కుందలహళ్లిలో ఉంటాం. ఉద్యోగం ఒక కంపెనీలో టెస్టింగ్. దానితో సంబంధం లేకుండా మేం ఐదారుగురం తెలుగువాళ్లం కలిసి ఒక చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌ను చూసుకుంటున్నాం. అను లాంటి పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగును, ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చడం దాని పని. పాత ఫాంటులో చేసిన ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఏం కనబడుతుందో డీటీపీ చేసేవాళ్లను అడగండి, ఇంగ్లిషు అక్షరాలు, బ్రాకెట్లు, చుక్కలు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అయినా ఇన్నేళ్ల పుస్తకాలు, పత్రికలు, పాఠాలు ఆ పాత ఫైళ్లలోనే ఉండిపోయాయి. చిన్న పత్రికలవాళ్లు, రిటైరైన టీచర్లు, ఊళ్లలో డీటీపీ సెంటర్లవాళ్లు మా సాఫ్ట్‌వేర్ వాడతారు.

ఇందులో కోడు రాయడం ఒక ఎత్తు, దాన్ని జనం చేతికి అందించడం ఒక ఎత్తు. ఈ రెండోదాన్నే మేం రిలీజు అంటాం. ఫలానా తేదీ తర్వాత కొత్త మార్పులు తీసుకోవద్దని గీత గీయాలి. పరీక్షలన్నీ నడపాలి. వెర్షన్ నంబరు మార్చాలి, ఏమేం మారిందో చేంజ్‌లాగ్ రాయాలి. కోడుకు ఆ వెర్షన్ పేరుతో ట్యాగ్, అంటే గుర్తు వేయాలి, విండోస్‌కు ఇన్‌స్టాలర్ తయారు చేయాలి, ఫైళ్లు నిజంగా మావేనని తెలిసేలా వాటి మీద జీపీజీ తాళంతో, అంటే మా దగ్గరే ఉండే ఒక రహస్య ఫైలుతో, డిజిటల్ సంతకం పెట్టాలి, సైటులో ఎక్కించాలి, అందరికీ చెప్పాలి. మీ డెస్కులో రాత్రి పేజీలు ప్రెస్సుకు పంపే పని లాంటిదే. మా నాన్న కదిరిలో ఒక పత్రికకు పాతికేళ్లు విలేకరిగా చేశారు. రాసిన వార్తలు కవర్లో పెట్టి సాయంత్రం అనంతపురం బస్సుకు ఇచ్చేవారు. అక్కడ డెస్కులో ఎవరికి వీక్లీ ఆఫ్ ఉందో, ఎవరింట్లో పెళ్లి ఉందో ఆయనకు తెలిసేది కాదు, తెలియాల్సిన అవసరమూ లేదు. తెల్లారేసరికి పేపరు గుమ్మంలో పడేది. అలాంటి ఇంట్లో పుట్టి కూడా నాకు ఆ సంగతి తట్టలేదు.

2022 ఫిబ్రవరిలో ఒక గురువారం రాత్రి రిలీజు చేసి పడుకున్నాను. శుక్రవారం తెల్లవారుజామున అమ్మ ఫోను. నాన్నకు ఎడమ చేయి, కాలు పడిపోయాయి, అనంతపురం తీసుకెళ్తున్నారు. పిల్లను పక్కింట్లో వదిలి, ల్యాప్‌టాప్ బీరువాలో పెట్టి ఇంటికి తాళం వేసి, మా ఆయనా నేనూ దొరికిన బస్సు ఎక్కేశాం. బాగేపల్లి దాటాక ఫోనులో మొదటి మెసేజి చూశాను. కొత్త వెర్షన్‌లో అక్షరాలు తప్పు పడుతున్నాయట.

ఆ తప్పు ఏమిటో కాస్త చెప్పాలి. పాత ఫాంట్లలో క్రావడిని, అంటే ర వత్తును, హల్లుకు ముందు టైపు చేస్తారు. యూనికోడ్‌లో అది హల్లు తర్వాత రావాలి. ఆ చోటు మార్చడం మా సాఫ్ట్‌వేర్ చేసే పనుల్లో ముఖ్యమైనది. నేను వదిలిన వెర్షన్‌లో, కోట్ గుర్తు వెంటనే వచ్చే మాటల్లో మాత్రం అది చోటు మార్చడం మానేసింది. మామూలు వాక్యాల్లో అంతా బాగానే ఉంది. కోట్ గుర్తు పక్కన ‘ప్రజలు’ ఉంటే అది ‘్రపజలు’ అయిపోయింది. పైపైన చూస్తే కంటికి ఆనదు.

గుంటూరు నుంచి వచ్చి ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేసే తమ్ముడొకడు మా బృందంలో ఉన్నాడు. గంటలో తప్పు పట్టుకున్నాడు, సరిచేశాడు, పరీక్షించాడు. ఫైలు సిద్ధం. కానీ సైటులో ఎక్కించే పాస్‌వర్డ్ నా ఒక్కదాని దగ్గరే ఉంది. సంతకం పెట్టే తాళం నా ల్యాప్‌టాప్‌లో, ఆ ల్యాప్‌టాప్ బీరువాలో, ఆ ఇంటికి తాళం. పాత వెర్షన్‌ను మళ్లీ పైకి తెచ్చి పెట్టడం కూడా ఎవరి వల్లా కాలేదు. నేను ఐసీయూ బయట బెంచీ మీద ఉన్నాను. ‘అక్కా, మీరు నాన్నగారిని చూసుకోండి, ఇది తర్వాత చూద్దాం’ అని రాశాడు. ఆరు రోజులు అలాగే గడిచాయి.

ఆ ఆరు రోజుల్లో ఒక చిన్న సాహిత్య మాసపత్రికవాళ్లు మా కొత్త వెర్షన్ దించుకున్నారు. వాళ్ల పత్రిక పెట్టిన పెద్దాయన పోయారు, ఆయన మీద ప్రత్యేక సంచిక వేస్తున్నారు. లోపలి ఎనిమిది పేజీల నిండా సంతాప సందేశాలు, ఒక్కోదాని పైన కోట్ గుర్తుల మధ్య ‘శ్రద్ధాంజలి’ అని శీర్షిక. ప్రతి చోటా ‘్రశద్ధాంజలి’ అని అచ్చయింది. రాత్రికి రాత్రి ప్రెస్సులో పడ్డ పని, ప్రూఫు చూసే తీరిక లేదు. ఆ ఎనిమిది పేజీలూ మళ్లీ వేయించుకున్నారు, సొంత డబ్బుతో. సంపాదకుడు రిటైరైన తెలుగు మాస్టారు. క్షమాపణ చెప్పుకోవడానికి ఫోను చేస్తే, ‘మీరేం డబ్బు తీసుకుని ఇచ్చారా తల్లీ, మేమే చూసుకోవలసింది’ అన్నారు. తిట్టి ఉంటే అంత బాధపడేదాన్ని కాదు.

మా వాళ్లెవరూ నన్ను ఒక్క మాట అనలేదు. నాన్నకు అలా అయితే నేనేం చేస్తానన్నారు. నిజమే, బగ్గులు వస్తాయి, ఇళ్లల్లో జబ్బులూ వస్తాయి. కానీ సరిచేసిన ఫైలు చేతిలో పెట్టుకుని ఆరు రోజులు బయటికి పంపలేకపోయాం. దానికి నేనే కారణం. ఆరేళ్లలో కనీసం నాలుగుసార్లు మా వాళ్లు ‘ఈసారి మేం చేస్తాం అక్కా’ అని అడిగారు. వాళ్లకు నేర్పే టైములో నేనే చేసేయొచ్చు కదా అనుకున్నాను ప్రతిసారీ. ఆ ఒక్క రాత్రి లెక్క చూస్తే అది నిజం కూడా. నేను చేస్తే రెండు గంటలు, నేర్పుతూ చేయిస్తే ఒక రోజంతా. ఆ లెక్కే నన్ను ఆరేళ్లు కట్టి పడేసింది. నేను చేస్తేనే సరిగ్గా అవుతుందన్న నమ్మకం కూడా లోపల ఉండేది, దాచడమెందుకు.

నాన్న లేచి తిరుగుతున్నారు. ఎడమ చేయి మాత్రం ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు.

ఆ ఏడాది మే నెలలో ఒక ఆదివారం గుంటూరు తమ్ముడు మా ఇంటికి వచ్చాడు, మారతహళ్లి బ్రిడ్జి దగ్గర బస్సు మారి. అనుకున్న షరతు ఒకటే, రిలీజు వాడు చేయాలి, నేను కీబోర్డు ముట్టకూడదు, అడిగితే తప్ప నోరు విప్పకూడదు. నేను రాసి పెట్టుకున్న పట్టీలో పద్నాలుగు అంశాలున్నాయి. ఇది చూసి ఎవరైనా చేయగలరని నా ధీమా.

మూడో అంశం దగ్గరే ఆగాడు. ‘అక్కా, ఫాంట్లు సరిచూడు అని రాశారు, ఏ ఫాంట్లు?’ అవి నా ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డరులో ఉన్నాయి, తొమ్మిది ఫైళ్లు. మరెక్కడా లేవు. ఐదో అంశం, వెర్షన్ నంబరు మార్చు. పట్టీలో రెండు చోట్లని రాశాను, మార్చాల్సింది మూడు చోట్ల. మూడోది నా వేళ్లకు తెలుసు కాబట్టి రాయలేదు. ఇన్‌స్టాలర్ తయారయ్యాక వాడు తర్వాతి అంశానికి వెళ్లబోయాడు. అప్పుడు మాత్రం ఉండబట్టలేక ‘ఆగు నాన్నా’ అన్నాను. ప్రతిసారీ దాన్ని పెన్‌డ్రైవులో వేసుకుని, అటక మీదున్న పాత విండోస్ 7 ల్యాప్‌టాప్‌లో ఎక్కించి, ఒక పాత భాగవతం పేజీ మార్చి చూస్తాను. మన ఊళ్లలో డీటీపీవాళ్లు చాలామంది దగ్గర అలాంటి పాత మిషన్లే ఉంటాయి కాబట్టి. పట్టీలో దాని ఊసే లేదు. వాడు నా వైపు చూసి, ‘ఇది మీకు తప్ప ఎవరికీ తెలియదు కదా అక్కా’ అన్నాడు. తప్పు పట్టినట్టు కాదు, భయపడినట్టు అన్నాడు.

పొద్దున పదింటికి మొదలుపెడితే సాయంత్రం నాలుగున్నర అయింది. మధ్యలో పెరుగన్నం తిన్నాం. వాడు ఆగిన ప్రతి చోటా నేను పట్టీలో ఒక వాక్యం చేర్చాను. రిలీజు పూర్తయ్యేసరికి పద్నాలుగు అంశాలు ముప్పై ఒకటి అయ్యాయి. ఆ తొమ్మిది ఫాంట్లు కూడా అందరికీ అందే చోట పెట్టేశాం.

తర్వాతి రిలీజు మా బృందంలోని ఖమ్మం అమ్మాయి చేసింది. పక్కన తమ్ముడు కూర్చున్నాడు, నేను లేను. నాకు ఆరేళ్లలో తట్టనిది ఆ అమ్మాయికి మొదటి రోజే తట్టింది. చేంజ్‌లాగ్ నేనెప్పుడూ ఇంగ్లిషులో, అదీ ప్రోగ్రామర్లకు అర్థమయ్యేలా రాసేదాన్ని. ‘మన దగ్గర దించుకునేవాళ్లు డీటీపీవాళ్లు కదా అక్కా, వాళ్లకేం తెలుస్తుంది’ అని తెలుగులో రాసింది. ‘ఫిబ్రవరి వెర్షన్‌లో కోట్ గుర్తు పక్కన క్రావడి తప్పు పడేది, తర్వాత సరిచేశాం. ఆ వెర్షన్‌తో మార్చిన ఫైళ్లుంటే ఒకసారి చూసుకోండి.’ అంతే. ఆ వారం మాకు వచ్చిన ఫోన్లు సగానికి తగ్గాయి. పని పంచుకుంటే బరువు తగ్గుతుందని అందరూ అంటారు. పని బాగుపడుతుందని నేను ఆ రోజే చూశాను.

పెద్ద ప్రాజెక్టులు ఈ సంగతి ఎప్పుడో గ్రహించాయి. మన కాలేజీ లైబ్రరీల్లో చాలాచోట్ల వాడే కోహా అనే సాఫ్ట్‌వేర్ ఉంది కదా, న్యూజిలాండ్‌లో ఒక లైబ్రరీ కోసం పుట్టి 2000లో వాడుకలోకి వచ్చింది. ఆరు నెలలకొకసారి, మేలో, నవంబరులో కొత్త వెర్షన్ వస్తుంది. ప్రతి విడతకూ రిలీజు మేనేజరు ఎవరు, పాత వెర్షన్లను చూసుకునేవాళ్లెవరు అని మళ్లీ ఎంచుకుంటారు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక్కో వెర్షన్ బాధ్యత ఒకరిది. రెండేసి వెర్షన్లు చూసి తర్వాతివారికి అప్పగించడం వాళ్లకు అలవాటైంది. 3.10, 3.11 పాబ్లో గలిండో సల్గాడో చూశారు, 3.12, 3.13 థామస్ వౌటర్స్ చేతికి వచ్చాయి. రిలీజు ఎలా చేయాలో అడుగడుగునా చెప్పే పెప్ 101 అనే పత్రం ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చింది, చాలా సర్వర్ల మీద ప్రోగ్రాములను నడిపించే కుబర్నెటీస్ అనే సాఫ్ట్‌వేర్ వాళ్ల పద్ధతి. ఏడాదికి మూడు రిలీజులు, ప్రతి బాధ్యతకూ ఒక లీడు, ఆ లీడు వెంట నేర్చుకుంటూ ఉండే కొందరు. వాళ్లను షాడోలంటారు. ఈసారి షాడోగా ఉన్నవాళ్లు తర్వాతి విడతల్లో లీడులవుతారు. నేర్చుకోవడం వేరే, పని వేరే కాకుండా రెండూ ఒకేసారి జరిగిపోతాయి. చాలా సర్వర్లను నడిపే లైనక్స్ అంటే దాన్ని పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ అనే కదా అనుకుంటాం. 2018 సెప్టెంబరులో ఆయన కొన్ని వారాలు పక్కకు తప్పుకున్నారు. అక్టోబరు 22న 4.19 వెర్షన్ మామూలుగానే వచ్చింది, గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ విడుదల చేశారు.

నేనీ మాట చెప్పినప్పుడల్లా ఒక ప్రశ్న వస్తుంది. తాళాలు పది మందికి ఇస్తే దొంగ చేతికి చిక్కవా అని. సరైన ప్రశ్నే. 2024లో ఎక్స్‌జెడ్ విషయంలో జరిగింది అదే. ఫైళ్లను కుదించే చిన్న సాఫ్ట్‌వేర్ అది, లైనక్స్ కంప్యూటర్లన్నిటిలో దాదాపుగా ఉంటుంది. ఏళ్ల తరబడి ఒక్క మనిషే చూసుకుంటూ వచ్చాడు. అలసిపోయాడు. 2022లో ఎవరెవరో ఉత్తరాలు రాసి, పని ఆలస్యమవుతోంది, వేరేవాళ్లకు అప్పగించమని అతని మీద ఒత్తిడి తెచ్చారు. సాయం చేస్తానని వచ్చి, ఏడాదికి పైగా మంచి పనే చేస్తున్న జియా టాన్ అనే పేరున్న వ్యక్తి చేతికి 2023 మార్చి నుంచి రిలీజులు వెళ్లాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 5.6.0 వెర్షన్‌లో, బయటివాళ్లు కంప్యూటర్లలోకి చొరబడే దొంగదారి పెట్టి ఉంది. దాన్ని పని చేయించే ముక్క అందరూ చూసే కోడులో లేదు, రిలీజు ఫైలులో మాత్రమే ఉంది. అంటే రిలీజు చేసే మనిషి తప్ప ఇంకెవరూ చూడని చోట. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన కంప్యూటర్లో లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానపడి, తవ్వి, మార్చి 29న బయటపెట్టాడు. లేకపోతే ఎంత దూరం పోయేదో.

దీన్ని చూపించి, ‘అందుకే ఎవరికీ ఇవ్వకూడదు’ అనేవాళ్లున్నారు. నేను ఆ కథను మళ్లీ మళ్లీ చదివాను, నాకు కనిపించింది వేరు. అక్కడ పని పంచుకోలేదు. ఒక ఒంటరి మనిషి చేతిలోంచి ఇంకో ఒంటరి చేతిలోకి మారింది. రెండో కన్ను చేతులు మారకముందూ లేదు, మారాకా లేదు. అలసిపోయిన మనిషి పక్కన తెలిసినవాళ్లు ముందునుంచీ ఉండి ఉంటే ఆ ఒత్తిడి అతని మీద అంత పని చేసేదా?

ఆ ఏప్రిల్‌లోనే మేం మా పద్ధతి మార్చుకున్నాం. ఒక్కరు చేసిన రిలీజు ఫైలు ఇప్పుడు బయటికి పోదు. ఒకే కోడు నుంచి ఇద్దరు, ఇద్దరిళ్లల్లో, విడివిడిగా ఫైలు తయారు చేయాలి. రెండింటికీ చెక్‌సమ్, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి గుర్తు, తీయాలి. 64 అక్షరాలు, ఒక్కటి తేడా ఉన్నా ఆగిపోవాలి. మొదటిసారి తేడా వచ్చింది. గుండె జారింది. మూడు గంటలు వెతికితే తేలిందేమిటంటే, ఫైలు తయారైన సమయం కూడా లోపల నమోదవుతోంది, నాది 9.10, ఆ అమ్మాయిది 9.14. సమయాన్ని ఒకే చోట బిగించాక రెండూ కలిశాయి. ఫోనులో ఆ అమ్మాయి చదువుతుంటే నేను వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాను, ‘సున్నా, ఎఫ్, ఏడు, ఏడు...’ చివరి అక్షరం దాకా. ఎవరి తాళం వాళ్లది, ఒకే తాళం ముగ్గురం పంచుకోవడం లేదు. ముగ్గురి తాళాల వివరాలు సైటులో పెట్టాం, ఏ రిలీజు మీద ఎవరి సంతకం ఉందో ఎవరైనా చూసుకోవచ్చు.

సంపాదకులవారికి నా మనవి రెండు మాటలు. ఇలాంటి వాళ్ల గురించి మళ్లీ రాసేటప్పుడు, ‘మీకు జ్వరం వస్తే ఈ పని ఎవరు చేస్తారు’ అని మీ విలేకరి ఒక్క ప్రశ్న అడగాలి. ఆ అబ్బాయికి అవార్డు కన్నా ముందు పక్కన కూర్చునే మనిషి కావాలి. ఇక ఈ ఊళ్లో వైట్‌ఫీల్డ్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా తెలుగువాళ్లు మేనేజర్లుగా ఉన్న ఆఫీసులు ఎన్నో. వాళ్ల సర్వర్లు నడిచేది ఇలా రాత్రిళ్లు మేలుకునేవాళ్లు ఇచ్చిన రిలీజుల మీదే. చందా ఇచ్చే కంపెనీలున్నాయి, మంచిదే. కానీ మాకు కరువు మనుషుల గంటలకు. నెలకు ఒక మధ్యాహ్నం, ఆఫీసు టైములోనే, మీ టీములో ఒకరిని ఏదో ఒక ప్రాజెక్టు రిలీజుకు షాడోగా కూర్చోనివ్వండి. కోడు రాయడం రాకపోయినా పరవాలేదు. పట్టీ పట్టుకుని ఒక్కో అంశం చదివి, అర్థం కాని చోట ‘ఇదేమిటి’ అని అడిగే మనిషి వల్ల జరిగే మేలు నేను కళ్లారా చూశాను. మాకైతే పాత విండోస్ మిషన్ మీద పరీక్షించడానికి ఇంకో ఇద్దరు కావాలి.

వచ్చే ఫాల్గుణంలో కదిరి నరసింహస్వామి రథోత్సవం. మా తర్వాతి రిలీజు కూడా అదే వారంలో పడింది. తేదీ జరుపుదామా అక్కా అని ఖమ్మం అమ్మాయి అడిగింది. వద్దన్నాను. ఈసారి ఫైలు తమ్ముడు, ఆ అమ్మాయి తయారు చేస్తారు, సంతకం ఆ అమ్మాయిది. కొత్తగా చేరిన ధర్మవరం కుర్రాడు పక్కన కూర్చుంటాడు. అటక మీది పాత ల్యాప్‌టాప్ పోయిన వారమే వాళ్లకు ఇచ్చేశాను. నేను నాన్నను తేరు చూపించడానికి తీసుకెళ్తున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కుందలహళ్లి, బెంగళూరు